బుల్లి ఆర్కిడ్లకు కావాల్సింది చల్లని రాత్రి

డిసెంబరులో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న మాస్డెవాలియా అనే చిన్న ఆర్కిడ్ హైదరాబాద్ బాల్కనీలో బాగానే కుదురుకుంటుంది. ఆకులు నిగనిగలాడతాయి, జనవరిలో కొత్త వేరు కనిపిస్తుంది, అదృష్టం బాగుంటే ఫిబ్రవరిలో ఓ పువ్వు కూడా పూస్తుంది. మార్చి చివర్లో ఉన్నట్టుండి పచ్చటి ఆకు ఒకటి, ఎండకుండా, పండకుండా, వేలు తగిలితే చాలు ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. మరుసటి వారం ఇంకో రెండు. ఏప్రిల్ సగానికి వచ్చేసరికి కుండీలో నల్లబడిన మొదళ్లు, తడి నాచు తప్ప ఏమీ మిగలదు. నీళ్లు ఎక్కువయ్యాయేమో అని కొందరు, తక్కువయ్యాయేమో అని ఇంకొందరు, ఎండ తగిలిందని మరికొందరు అనుకుంటారు. నీడలో పెట్టి, నీళ్లు లెక్కగా పోసినా మరుసటి ఏడాది మళ్లీ ఇదే జరుగుతుంది. డిసెంబరులో హైదరాబాద్ రాత్రి 14, 15 డిగ్రీలకు దిగుతుంది. ఏప్రిల్లో అదే రాత్రి 24 దగ్గరే ఆగిపోతుంది, మేలో 26. మొక్కను చంపింది ఆ పది డిగ్రీలే.

చల్లని వాతావరణపు చిన్న ఆర్కిడ్లను ఇంట్లో పెంచడం గురించి ఎంత చదివినా చివరికి తేలేది ఇదే. తేమ, వెలుతురు, ఎరువు, కుండీ అన్నీ ముఖ్యమే కానీ వాటిలో పొరపాటు జరిగితే దిద్దుకోవడానికి నెలల సమయం ఉంటుంది. రాత్రి వేడికి ఆ వెసులుబాటు లేదు.

ఎందుకలాగో తెలియాలంటే ఇవి పుట్టిన చోటు చూడాలి. కొలంబియా, ఈక్వడార్, పెరూల మీదుగా సాగే ఆండీస్ కొండల్లో, సుమారు 1,500 నుంచి 3,000 మీటర్ల ఎత్తులో, మేఘాలు దాదాపు రోజూ అడవిలోకే వచ్చి కూర్చుంటాయి. చెట్ల కొమ్మలకు చెయ్యి దూరేంత మందాన నాచు పట్టి ఉంటుంది, ఆ నాచులో వేళ్లు దాచుకుని బతికేవే మాస్డెవాలియా, డ్రాకులా, లెపాంథెస్, ప్లాటిస్టెల్, రెస్ట్రెపియా వంటివి. వీటన్నిటినీ కలిపి ప్లూరోథాలిడ్లు అంటారు, ఈ ఒక్క కుదురులోనే 5,000కు పైగా జాతులున్నాయి. అక్కడి వాతావరణం ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి బొగొటా నగరాన్ని తీసుకుంటే చాలు. 2,600 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్లో ఏ నెలలో చూసినా పగలు 19, 20 డిగ్రీలు, రాత్రి 8, 9. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి జనవరికీ జూన్‌కీ తేడా ఒకటి రెండు డిగ్రీలే, కానీ పగటికీ రాత్రికీ మాత్రం పది డిగ్రీల తేడా, అదీ ఏడాదిలో ప్రతి రోజూ. లక్షల ఏళ్లుగా ఆ మొక్కలకు అలవాటైన లయ అది.

ఆకు పగటిపూట వెలుతురుతో చక్కెర తయారు చేసుకుంటుంది, శ్వాస పేరుతో రాత్రంతా దాన్ని ఖర్చు పెడుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు సుమారుగా రెట్టింపవుతుంది. మేఘాల అడవిలో వెలుతురే తక్కువ, కాబట్టి సంపాదన కూడా తక్కువ, అయినా రాత్రి చల్లగా ఉండడం వల్ల ఇల్లు గడిచిపోతుంది. అదే మొక్కను 26 డిగ్రీల రాత్రిలో పెడితే జీతం పెరగకుండా అద్దె రెట్టింపు దాటిన ఇల్లులా అయిపోతుంది పరిస్థితి. దాచుకున్నది ఏమైనా ఉంటే కొన్నాళ్లు నెట్టుకొస్తుంది, కానీ మాస్డెవాలియాకు దాచుకునే చోటు కూడా లేదు. మనకు తెలిసిన డెండ్రోబియం, ఆన్సీడియం రకాలకు మొదట్లో దుంపలా ఉబ్బిన కాడలుంటాయి, నీళ్లూ తిండీ అందులో నిలవ ఉంటాయి. వీటికి ఉన్నదల్లా సన్నటి కాడ మీద ఒక్కో ఆకు, దారాల్లాంటి వేళ్లు. పైగా నీరసించిన కణజాలం, తడి, వేడి మూడూ ఒకచోట కలిస్తే బ్యాక్టీరియాకూ బూజుకూ పండగే. అందుకే చచ్చేటప్పుడు మెల్లగా వాడిపోవు, వారం పది రోజుల్లో కుళ్లిపోతాయి.

ఇందులోనే ఊరటనిచ్చే మాట ఒకటుంది. రాత్రి 12, 13కు దిగితే పగలు కొన్ని గంటలు 27, 28కి పోయినా ఈ మొక్కల్లో చాలావరకు తట్టుకుంటాయి. పగలంతా 22లో జాగ్రత్తగా ఉంచి రాత్రి కూడా 22లోనే వదిలేస్తే మాత్రం నెలలు గడిచేకొద్దీ చిక్కిపోతాయి. ఏసీ గదిలో పెట్టాం కదా అని ధీమాగా ఉండేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఏసీని 16కు తగ్గించినా పడకగది అంత చల్లబడదు, చల్లబడినా ఆ గాలి పొడి గాలి, పైగా ఆ మొక్కల కోసం ఇంట్లోవాళ్లంతా దుప్పట్లు కప్పుకుని కరెంటు బిల్లు కట్టాలి.

ఈ పొరపాటు కొత్తదేం కాదు. పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో ఇంగ్లండ్‌లో ఉష్ణమండలం నుంచి వచ్చిన మొక్క అంటే చాలు, పొయ్యిలాంటి గాజు ఇంట్లో పెట్టి ఆవిరి పట్టించేవారు. ఆండీస్ ఎత్తుల నుంచి సముద్రాలు దాటి ప్రాణంతో చేరిన మొక్కలు లండన్ వేడిలో చచ్చాయి. ఎన్ని వేల మొక్కలు అలా పోయాయో తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. ఎత్తయిన కొండల మొక్కకు చల్లని ఇల్లే కావాలని 1860ల్లో జేమ్స్ బేట్‌మన్ లాంటి ఆర్కిడ్ పెంపకందారులు గట్టిగా చెప్పాకే పద్ధతి మారింది, మాస్డెవాలియాల మోజు కూడా ఆ తర్వాతే ఊపందుకుంది. ఇప్పుడు మన దగ్గర అమ్మకపు చీటీ మీద ‘ట్రాపికల్’ అని ఒక్క మాట చూసి కొనేవాళ్లు చేస్తున్నది సరిగ్గా ఆనాటి పొరపాటే. పుట్టిన దేశం పేరు తెలిస్తే చాలదు, ఎంత ఎత్తులో పుట్టిందో తెలియాలి. ఈక్వడార్‌లో 300 మీటర్ల ఎత్తున పెరిగే ఆర్కిడ్ విజయవాడలో బతకవచ్చు, అదే ఈక్వడార్‌లో 2,500 మీటర్ల దగ్గరిది బతకదు.

ఇక చిన్నదనం సంగతి. మినియేచర్ అంటే ఎంత చిన్నదో మొదటిసారి చూసేవాళ్లు నమ్మలేరు. ప్లాటిస్టెల్ జంగర్‌మానియాయిడెస్ అనే జాతిలో మొక్క మొత్తం ఎత్తు సెంటీమీటరు కూడా ఉండదు, పువ్వు రెండున్నర మిల్లీమీటర్లు, అంటే ఆవగింజ కన్నా కాస్త పెద్దది. లెపాంథెస్‌ను భూతద్దం కింద పెట్టి చూడాల్సిందే. సన్నటి కాడ చుట్టూ చిన్న చిన్న బూరలు ఒకదాని నోట్లో ఒకటి దూర్చినట్టు గొట్టాలు, ప్రతి బూర అంచుకూ కంటి రెప్పలకున్నట్టు నూగు, పైన ఒకే ఒక ఆకు. పువ్వు ఆ ఆకు మీదో, ఆకు వెనకో అతుక్కుని పూస్తుంది, ఎరుపు, పసుపు కలిసిన చిన్న పురుగు వాలినట్టే ఉంటుంది. ఆ పోలిక ఊరికే వచ్చింది కాదు. కోస్టారికాలో లెపాంథెస్ జాతి ఒకదాన్ని గమనించిన పరిశోధకులు మగ ఫంగస్ దోమలు ఆ పువ్వును ఆడపురుగు అనుకుని జతకట్టబోవడం, ఆ పెనుగులాటలో పుప్పొడి మూట ఒంటికి అంటుకోవడం చూశారు. వెయ్యికి పైగా ఉన్న ఈ జాతుల్లో చాలావాటి పువ్వు బియ్యపు గింజంత.

మాస్డెవాలియాలో కంటికి ఇంపుగా కనిపించే మూడు రేకలు నిజానికి రేకలు కావు, రక్షక పత్రాలు. మొదట్లో గొట్టంలా అతుక్కుని, చివర తోకలుగా సాగుతాయి. అసలు రేకలు లోపల గింజంత ఉంటాయి. పెరూలో మచు పిచ్చు చుట్టుపక్కల రాళ్ల సందుల్లో గడ్డి మధ్య పెరిగే మాస్డెవాలియా వైచియానా పువ్వు మంట రంగులో ఉంటుంది, దాని మీద ఊదా రంగు సన్నని నూగు. ఓ వైపు నుంచి చూస్తే నారింజ, తల కాస్త తిప్పితే ఊదా మెరుపు, పట్టుచీర అంచు వెలుగులో రంగు మారినట్టు. ఫొటోలో ఆ మెరుపు రాదు. దీన్ని అక్కడివాళ్లు వకాంకి అంటారు, క్వెచువా భాషలో ‘ఏడుస్తావు’ అని అర్థం.

చిన్న మొక్క కాబట్టి పెంచడం సులభం అనుకోవడం తప్పు. కుండీ కాఫీ కప్పులో సగం ఉంటుంది, కొన్నిసార్లు కుండీయే ఉండదు, చెక్క ముక్క మీద చిటికెడు నాచు, దాని మీద మొక్క. మేలో ఫ్యాను గాలికి అది ఆరిపోవడానికి రెండు మూడు గంటలు చాలు. ఊరెళ్లి రెండు రోజులకు తిరిగొస్తే అక్కడ ఏమీ ఉండదు. కానీ ఇంట్లో పెంచేవాళ్లకు దారి చూపించేది కూడా ఆ చిన్నదనమే. సింబిడియం లాంటి పెద్ద ఆర్కిడ్ కోసం గదంతా చల్లబరచాలి, వీటికైతే రెండడుగుల పెట్టె చల్లబరిస్తే సరిపోతుంది, అందులో నలభై యాభై జాతులు పడతాయి.

పెట్టె దాకా వెళ్లే ముందు ఎయిర్ కూలర్ గురించి ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే అందరికీ ముందు తట్టే ఆలోచన అదే. తడి గడ్డి మీదుగా గాలి లాగితే నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది, గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లదనం. హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం 38 డిగ్రీలు, తేమ 20 శాతం ఉందనుకుంటే కూలర్ ఎంత బాగా పనిచేసినా దిగగల హద్దు 21 డిగ్రీలు. అదే ఊళ్లో రాత్రి 25 డిగ్రీలు, తేమ 40 శాతం ఉంటే ఆ హద్దు 16 దాకా వస్తుంది, మామూలు కూలర్‌తో 18 వరకు దింపవచ్చు. మరీ చల్లదనం అడగని మధ్యరకం ఆర్కిడ్లకు ఇది నిజంగా పనికొస్తుంది, పైగా కావాల్సిన తేమ దానంతటదే వస్తుంది. విశాఖలో మాత్రం 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న రోజు ఆ హద్దు 29 దగ్గరే ఉంటుంది. అక్కడ కూలర్ పెట్టడం అంటే మొక్కకు ఆవిరి పట్టడమే. హైదరాబాద్‌లో కూడా జూన్‌లో తొలకరి పడి గాలిలో తేమ పెరగగానే కూలర్ చేతులెత్తేస్తుంది. అంటే కూలర్‌ను నమ్ముకున్నవాళ్లు మే దాటించి జూన్ రెండో వారంలో మొక్కల్ని పోగొట్టుకుంటారు, చల్లబడ్డాక ఎందుకు పోయాయో అర్థంకాక తల పట్టుకుంటారు.

పెట్టె విషయంలో లెక్క చాలా తేలిక, ఎవరైనా వేసుకోవచ్చు. రెండడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న పెట్టెను ఆరు వైపులా రెండంగుళాల థర్మకోల్‌తో చేశారనుకుందాం. బయట 27, లోపల 12 ఉంచాలంటే గోడల గుండా లోపలికి చొరబడే వేడి సుమారు 23 వాట్లు, ఒక ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటంత. లోపల ఏముందో కనపడాలి కదా అని ఒక వైపు మామూలు ఒంటి గాజు పలక పెడితే అదే వేడి 50 వాట్లకు చేరుతుంది. మిగతా ఐదు గోడలూ కలిపి రానిచ్చే వేడి కన్నా ఆ ఒక్క అద్దం రానిచ్చేది ఎక్కువ. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మధ్యలో గాలి ఖాళీ వదిలి రెండు గాజు పలకలు పెడతారు, లేదా రాత్రి లైట్లు ఆరిపోయాక అద్దం మీద థర్మకోల్ పలక ఆనించి ఉదయం తీస్తారు. ఖర్చు లేని పని, ఫలితం మాత్రం బాగా కనిపిస్తుంది.

లైట్ల లెక్క కూడా ఇందులోదే. 20 వాట్ల ఎల్‌ఈడీ అంటే 20 వాట్ల వేడి కూడా, వెలుతురుగా వెలువడినది సైతం చివరికి పెట్టెలో వేడిగానే మిగులుతుంది. లైటును పెట్టె లోపల బిగించకుండా పైన గాజు మీద బయటి వైపు ఆనిస్తే అందులో చాలా భాగం బయటే పోతుంది. మాస్డెవాలియాకు పది పదిహేను వేల లక్స్ (వెలుతురు కొలత) చాలు, డ్రాకులాకు అంతకన్నా తక్కువ. ఫోన్‌లోని లక్స్ యాప్‌తో ఉజ్జాయింపుగా చూసుకోవచ్చు. రోజుకు పన్నెండు గంటలు, టైమర్ మీద. భూమధ్యరేఖ దగ్గరి మొక్కలు కాబట్టి చలికాలమని తగ్గించడం, ఎండాకాలమని పెంచడం అవసరం లేదు.

చల్లదనానికి చాలామంది ఎంచుకుంటున్నది పాత అద్దాల ఫ్రిజ్, షాపుల్లో కూల్‌డ్రింక్స్ పెట్టే రకం, లేదా వైన్ కూలర్. కంప్రెసర్ ఉన్నదే తీసుకోవాలి. కంప్రెసర్ లేకుండా పెల్టియర్ పలకతో పనిచేసే చిన్న కూలర్లు చవకే గానీ అవి గది వేడి కన్నా ఓ పదిహేను, ఇరవై డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు, మేలో గది 38 ఉన్నప్పుడు వాటిని నమ్ముకోలేం. మామూలు ఫ్రిజ్ తనంతట తాను 4, 5 డిగ్రీలకు పోతుంది కాబట్టి బయట ఒక టెంపరేచర్ కంట్రోలర్ తగిలించాలి. గుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్లకు వాడే రకం, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతుంది. పగటికి 22, రాత్రికి 12 కావాలి కాబట్టి రెండు కంట్రోలర్లు, వాటిని మార్చడానికి ఒక టైమర్. వైరింగ్ తెలియకపోతే ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోవాలి, తడీ కరెంటూ ఒకేచోట ఉండే పని ఇది.

ఫ్రిజ్‌తో వచ్చే చిక్కు ఒకటుంది, ముందే తెలుసుకుంటే మంచిది. ఫ్రిజ్‌ను చల్లబరిచే కాయిల్, లోపలి గాలి కన్నా బాగా చల్లగా ఉంటుంది కాబట్టి గాలిలోని తేమ దాని మీద నీళ్లుగా చేరి పైపు గుండా బయటికి పోతుంది. పెట్టె చల్లబడే కొద్దీ పొడిబారుతుంది. 70 నుంచి 90 శాతం తేమ కావాల్సిన మొక్కలకు ఇది గొడ్డలిపెట్టు. అడుగున నీళ్ల ట్రే, దాని మీద జల్లెడ పలక, గోడలకు తడి నాచు, అవసరమైతే గంటకోసారి నిమిషం పాటు నడిచి పొగమంచులా తుంపర చిమ్మే చిన్న ఫాగర్ పెట్టి దాన్ని సరిచేస్తారు. వీటన్నిటితో పాటు కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి రాత్రింబగళ్లు తిరుగుతూ ఉండాలి. కొండల మీద గాలి ఆగదు. తేమ ఎక్కువగా ఉండి గాలి కదలకపోతే ఆకుల మొదట్లో నీటిబొట్టు నిలిచి, ఆ చుక్క చోటే నల్లటి మచ్చ మొదలవుతుంది. ఆకు మీద దారం ముక్క కదిలేంత గాలి చాలు, ఆకు ఊగిపోనక్కర్లేదు.

కరెంటు పోతే? మేలో సాయంత్రం ఈదురుగాలి లేచి తీగలు తెగితే నాలుగైదు గంటలు పోవడం మామూలే. లీటరు నీళ్ల మంచుగడ్డ కరుగుతూ పీల్చుకునే వేడి సుమారు 93 వాట్ అవర్లు. థర్మకోల్ పెట్టెలో 23 వాట్లే చొరబడుతున్నాయి కాబట్టి ఫ్రీజర్‌లో గడ్డకట్టిన లీటరు బాటిళ్లు రెండు ఎనిమిది గంటలు కాపాడతాయి. ఒంటి అద్దం పెట్టెకైతే అవే బాటిళ్లు నాలుగు గంటలు కూడా రావు. వంటింటి ఫ్రిజ్ ఫ్రీజర్‌లో ఎప్పుడూ రెండు బాటిళ్లు గడ్డకట్టి ఉంచుకోవడం అలవాటు చేసుకుంటే సగం టెన్షన్ తగ్గిపోతుంది.

నీళ్ల విషయంలో మన ఇళ్లకు అనుకోని వీలు ఒకటుంది. మేఘాల అడవి మొక్కకు తగిలేది వాన నీరూ మంచు తుంపరే, అందులో లవణాలు దాదాపు ఉండవు. మన బోరు నీళ్లలో టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 500 దాటడం చాలా చోట్ల మామూలే. ఆ నీళ్లు పోస్తే మొదటి నెలలో ఏమీ తెలియదు. తర్వాత ఆకు కొనలు గోధుమరంగులోకి మారతాయి, నాచు పైన తెల్లటి పొర, వేళ్ల చివర్లు నల్లబడతాయి. వంటింట్లో ఆర్‌ఓ మెషిన్ ఎలాగూ ఉంటుంది, టీడీఎస్ మీటరు మూడు నాలుగు వందలకు దొరుకుతుంది. 50 లోపు ఉంటే చాలా మంచిది, 100 దాటకూడదు. ఒక్క జాగ్రత్త: చాలా మెషిన్లలో రుచి కోసం కొంత మామూలు నీటిని కలిపే ఏర్పాటు ఉంటుంది, అది పూర్తిగా తెరిచి ఉంటే ఆర్‌ఓ నీళ్లు కూడా 150 చూపిస్తాయి. మేడ మీద పట్టిన వాన నీళ్లకు మించినవి లేవు. ఎరువు ప్యాకెట్ మీద రాసినదానిలో నాలుగో వంతు, వారం వారం కాకుండా రెండు వారాలకోసారి చాలు.

నాటడానికి స్ఫాగ్నమ్ నాచు. గట్టిగా అదమకుండా, పిండితే రెండు మూడు చుక్కలు రాలేంత తడిగా. నాచు మెత్తబడి వేళ్ల దగ్గర పులిసిన వాసన వస్తే ఏడాది కాకపోయినా మార్చేయాలి, మార్చడం మాత్రం నవంబరు, జనవరి మధ్యే. డ్రాకులాలను మామూలు కుండీలో వేయకూడదు, వాటి పూకాడ కిందికి దూసుకెళ్లి కుండీ అడుగున చిక్కుకుని కుళ్లిపోతుంది. జాలీ బుట్టలో వేలాడదీయాలి. ఆర్కిడ్ పరిశోధకుడు కార్లైల్ లూయర్ 1978లో మాస్డెవాలియా నుంచి విడదీసిన ఈ కుదురు పువ్వు మధ్యలో ఉండే పెదవి అనే రేక అచ్చం బోర్లించిన పుట్టగొడుగులా ఉంటుంది, కొన్నిటికి పుట్టగొడుగు వాసన కూడా వస్తుంది, పుట్టగొడుగుల మీద వాలే చిన్న ఈగలను రప్పించుకోవడానికే. డ్రాకులా సిమియా పువ్వులో కోతి ముఖం కనిపిస్తుందని ఇంటర్నెట్‌లో తిరిగే ఫొటో చూసి చాలామంది మొదటి మొక్కగా అదే కొనాలనుకుంటారు. మొదటి మొక్కగా అది సరైనది కాదు. దాని ఆకులు పల్చన, పొడి గాలి ఒక పూట తగిలినా పువ్వు వడలిపోతుంది.

మరి మొదట ఏది? బ్రెజిల్ వైపు నుంచి వచ్చిన మాస్డెవాలియా ఇన్‌ఫ్రాక్టా, మెక్సికో, మధ్య అమెరికాల్లో పెరిగే మాస్డెవాలియా ఫ్లోరిబండా, ఇవి రెండూ తోటి జాతుల కన్నా వేడిని బాగా ఓర్చుకుంటాయి, రాత్రి 18 ఉన్నా నెట్టుకొస్తాయి. రెస్ట్రెపియాలు ఇంకా మంచివి, పాత ఆకు మొదట్లోనే పిల్ల మొక్కలు వేస్తాయి కాబట్టి ఒకటి పోయినా ఇంకొకటి మిగులుతుంది. వెనిజులాకు చెందిన మాస్డెవాలియా తొవరెన్సిస్ తెల్లగా పూస్తుంది, పూసిన కాడను కోసేయకూడదు, అదే కాడ మరుసటి ఏడాదీ పూస్తుంది. పెట్టె సరిగ్గా కుదిరి ఒక ఎండాకాలం గడిచాక న్యూగినీ ఎత్తుల నుంచి వచ్చిన డెండ్రోబియం కుత్‌బర్ట్‌సోనీ పెట్టుకోవచ్చు. వేలెడంత మొక్క మీద అంతకన్నా వెడల్పు కనిపించే ఎర్రని పువ్వు, చల్లగా ఉంటే నెలల తరబడి వాడకుండా నిలుస్తుంది. ఆకుల మీద గరుకు బుడిపెలు తడిసినప్పుడు చక్కెర అద్దినట్టు మెరుస్తాయి.

పెట్టె గొడవే వద్దు, కానీ చిన్న ఆర్కిడ్ కావాలి అనుకునేవాళ్లకు జపాన్ గాలి ఆర్కిడ్, నియోఫినేషియా ఫాల్కాటా, చాలా మంచి దారి. పదిహేడు నుంచి పంతొమ్మిదో శతాబ్దం దాకా సాగిన ఎడో కాలంలో అక్కడి దొరలు దీన్ని కుండీల్లో అపురూపంగా పెంచుకునేవారు. జపాన్ ఎండాకాలం రాత్రులూ ఉక్కగానే ఉంటాయి కాబట్టి మన వేడికి అది అంతగా బెదరదు, చలికాలంలో మాత్రం కాస్త చల్లదనం, నీళ్ల తగ్గింపు అడుగుతుంది. ఇక వేడికే పుట్టినవి కావాలంటే మన ఊళ్లలో మామిడి చెట్ల మీదే ఉన్నాయి. సామర్లకోటలో ఉండి మన తీరపు మొక్కల్ని బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బర్గ్ 1795లోనే వాండా టెస్సెల్లాటాను లోకానికి పరిచయం చేశాడు. అది మినియేచర్ కాదు గానీ గోదావరి జిల్లాల ఉక్కపోత దాని సొంతిల్లు.

ఊరిని బట్టి ఆశలు పెట్టుకోవడం అవసరం. లంబసింగి, అరకు చల్లని ఊళ్లే కదా అని అడిగేవాళ్లుంటారు. వెయ్యి మీటర్ల ఎత్తులో వచ్చే ఆ చలి చలికాలానిదే, ఈ మొక్కలకు మే నెల రాత్రి కూడా 12 కావాలి. బెంగళూరులో సైతం ఏప్రిల్ రాత్రి 22 దగ్గరే ఉంటుంది. 2,200 మీటర్ల పైనున్న ఊటీలో అయితే నీడ వల కింద ఆరుబయటే పెంచుకోవచ్చు, చలికాలపు మంచు గడ్డ నుంచి కాపాడితే చాలు. అమెరికాలో ఉన్న మనవాళ్ల సంగతీ ఇంతే. శాన్ ఫ్రాన్సిస్కో పొగమంచు ఈ మొక్కలకు దేవుడిచ్చినట్టే, అక్కడి కన్సర్వేటరీ ఆఫ్ ఫ్లవర్స్‌లో కొండల ఆర్కిడ్లకు ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది. శాన్ హోసే, ఫ్రీమాంట్‌లలో పగలు 30 దాటినా వేసవి రాత్రి 14, 15కు దిగుతుంది కాబట్టి ఇంటి వెనక నీడలో ప్రయత్నించవచ్చు. డాలస్‌లో ఉన్నవాళ్లకు మాత్రం వేసవి రాత్రి 25, అంటే విజయవాడతో సమానం, పెట్టె తప్పదు.

కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది ల్యాబ్‌లోనో నర్సరీలోనో పుట్టిందా, అడవి నుంచి పీకి తెచ్చిందా అని. ఆర్కిడ్ గింజ ధూళి లాంటిది, మొలకెత్తడానికి అడవిలో ఒక శిలీంధ్రం సాయం కావాలి. 1922లో అమెరికా శాస్త్రవేత్త లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన జెల్లీ మీద ఆ సాయం లేకుండానే మొలిపించవచ్చని చూపించాడు. అప్పటి నుంచి ఒక్క కాయతో వేల మొక్కలు సీసాల్లో పుట్టించే వీలుంది, అలాంటప్పుడు కొమ్మ నుంచి పీకిన మొక్కను కొనడానికి ఏ సాకూ లేదు. పైగా పీకిన మొక్కల్లో ఎక్కువ శాతం వేళ్లు తెగి ఎలాగూ చస్తాయి. ఒక్కో లెపాంథెస్ జాతి ఒకటి రెండు కొండలకే పరిమితమై ఉంటుంది, ఒక సంచిలో పట్టేన్ని మొక్కలు పీకితే ఆ జాతి అక్కడితో సరి. ఆర్కిడ్లన్నీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ పరిధిలోవే, విదేశాల నుంచి తెప్పిస్తే దాని కాగితాలతో పాటు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, దిగుమతి అనుమతి ఉండాలి. పార్సిల్ మీద బొమ్మ అని రాసి పంపిస్తామనే అమ్మకందారు దగ్గర ఎంత చవకైనా కొనకూడదు. డ్రాకులాల మీద పరిశోధనలు జరిగిన ఈక్వడార్‌లోని లోస్ సెడ్రోస్ అడవిలో గనుల తవ్వకాలు వద్దని ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం 2021లో తీర్పు ఇచ్చింది, ప్రకృతికీ హక్కులున్నాయన్న ఆధారం మీద. అంత కష్టపడి కాపాడుకుంటున్న కొమ్మల మీది మొక్క అది.

మొక్క కన్నా ముందు కొనాల్సింది రెండు మూడు వందల రూపాయల మాక్స్-మిన్ థర్మామీటరు. దాన్ని మొక్క పెట్టబోయే చోట, పెట్టబోయే ఎత్తులో పెట్టి, మే నెలలో పది రోజులు ఉదయం లేవగానే కనిష్ఠం ఎంతో కాగితం మీద రాసుకోవాలి. ఆ పది అంకెల్లో పెద్దది 14 దాటకపోతే ఈ కుదురులో మనసుకు నచ్చిన ఏ మొక్కనైనా తెచ్చుకోవచ్చు. 18 దాకా ఉంటే ఇన్‌ఫ్రాక్టా, ఫ్లోరిబండా, రెస్ట్రెపియా. 22 దాటితే నియోఫినేషియా, లేదంటే ముందు పెట్టె కట్టి, ఖాళీ పెట్టెను నెల రోజులు నడిపి, కరెంటు పోయిన రాత్రి కూడా అందులో కనిష్ఠం 14 లోపే ఉందని చూసుకున్నాక మొదటి మొక్క.